గచ్చుకు రంగెక్కించే ముందు

మైలాపూరు పేరు చెప్పగానే మన తెలుగువాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గుర్తుకొస్తుంది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న ఒడంబడికకు వచ్చింది ఆ ఇంట్లోనే. అయితే ఇవాళ నేను చెప్పబోయేది రాజకీయం కాదు. ఇళ్ల సంగతి, అందులోనూ కాళ్ల కింది గచ్చు సంగతి.

కపాలీశ్వరస్వామి కోవెల చుట్టుపక్కల వీధుల్లో తిన్నెలున్న పాత ఇళ్లు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. అలాంటి ఇంట్లో మీకు తెలిసినవాళ్లుంటే గడప దాటి చూడండి. ఎర్రగా, మొహం కనిపించేంత నున్నగా ఉండే నేల కనిపించవచ్చు. నగరి, పుత్తూరు వైపు పాత మిద్దెల్లో కూడా మీరు ఇలాంటిది చూసే ఉంటారు. దాన్ని రెడ్ ఆక్సైడు గచ్చు అంటారు. అది తర్వాత పూసిన రంగు కాదు. ఇనుప ఆక్సైడు పొడిని సిమెంటులోనే కలిపి, కింది కాంక్రీటు మీద పలచటి పొరగా పరిచి, మేస్త్రీ తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చిన పని. గది మొత్తం ఒకే ఊపులో ముగించాలి. మధ్యలో ఆపితే అతుకు జన్మంతా కనిపిస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లు నీళ్లు పట్టి, ఆరాక కొబ్బరినూనెతో తుడిచేవారు. మనుషులు నడిచేకొద్దీ దానికి మెరుపు పెరుగుతుంది. ఇప్పుడు ఆ పనితనం తెలిసిన మేస్త్రీలు అరుదు. అందుకే చాలామంది ఆ నేలను పగలగొట్టించి పలకలు వేయిస్తున్నారు. నాకైతే అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సరే, ఇంట్లో ఉన్నది మామూలు బూడిదరంగు సిమెంటు గచ్చే అనుకోండి. దాన్ని పగలగొట్టకుండా రంగు తేవచ్చా? తేవచ్చు. దానికి యాసిడ్ స్టెయిన్ అనే పద్ధతి ఉంది. ఇది పెయింటు లాగా పైన కూర్చునేది కాదు. రైతు సోదరులకు ఒక్క మాటలో చెబుతాను. బోర్డో మిశ్రమం చేసేటప్పుడు మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లతో కలపగానే చిక్కటి నీలిరంగు వస్తుంది కదా, ఇదీ అలాంటిదే. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు దాని లోపల కొంత సున్నం విడిగా మిగులుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇనుము, మాంగనీసు, రాగి లవణాలు కలిపిన ద్రావణాన్ని పోస్తే, ఆమ్లం పైపొరను కాస్త కొరుకుతుంది, లవణాలు ఆ సున్నంతో కలిసి నీటిలో కరగని రంగుగా అక్కడే పాతుకుపోతాయి. ఇనుముతో తేనెరంగూ గోధుమరంగూ, మాంగనీసుతో ముదురు గోధుమ నుంచి నలుపు, రాగితో ఆకుపచ్చ కలిసిన నీలం వస్తాయి. అంతకు మించి ఆశపడకండి. పసుపుపచ్చ, కుంకుమ ఎరుపు రావు. రంగు అంతటా ఒకేలా ఉండదు, రాతి మీది చారల్లా మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అదే దాని అందమనేవాళ్లకు ఇది తగిన పని. పెళ్లిపందిరిలా సమంగా ఉండాలనేవాళ్లు దీని జోలికి పోవద్దు, ఎందుకంటే ఒకసారి పట్టిన రంగు కడిగితే పోదు.

మరో సంగతి గట్టిగా చెప్పాలి. పాత ఎర్ర గచ్చు మీద ఏ ఆమ్లమూ పోయకండి. బాత్రూము కడిగే యాసిడ్ చుక్క పడినా అక్కడ మెరుపు పోయి గరుకు తేలుతుంది. దానికి కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ చాలు.

కొత్త కాంక్రీటైతే కనీసం 28 రోజులు ఆగాలి. పాతదైతే నూనె మరకలు, మైనం, పెయింటు పూర్తిగా పోవాలి. నీటి చుక్క వేసి చూడండి. ఇంకితే రంగూ ఇంకుతుంది, ముత్యంలా నిలబడితే ఇంకదు. శుభ్రం చేయడానికని ముందుగా యాసిడ్‌తో కడిగారంటే రంగు పట్టాల్సిన సున్నమే కొట్టుకుపోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కిటికీలు తెరిచిపెట్టి, పిల్లల్ని ఆ పూటకు చుట్టాలింటికి పంపండి. ఆమ్లాన్ని పలచన చేయాల్సివస్తే నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. బ్లీచింగు పౌడరు దాని దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే ఊపిరి పట్టేసే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇనుప భాగాలు లేని ప్లాస్టిక్ స్ప్రేయరుతో చల్లి, నైలాను బ్రష్షుతో రుద్దుతారు. బుసబుసమని నురగ వస్తే పని జరుగుతున్నట్టు. కొన్ని గంటలు వదిలి, వంటసోడా కలిపిన నీళ్లతో ఆమ్లాన్ని చంపి, తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి. ఆ కడుగునీళ్లు మొక్కల పాదుల్లోకి పోనివ్వకండి. ఇంకో మాట, 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించిన ప్రకారం ఆమ్లం కొనేవాళ్లు గుర్తింపు కార్డు చూపాలి, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మరాదు. కొట్టువాడు అడిగితే కోపం తెచ్చుకోకండి.

బాగా ఆరాక పైన సీలరు పూయాలి. సముద్రం పక్కనే ఉన్న మైలాపూరులో అయినా, సూళ్లూరుపేట వైపైనా నేలలో చెమ్మ ఉంటుంది. చెమ్మ మీద సీలరు పూస్తే తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. అందుకని ముందు ఒక ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చుకు నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. తీసినప్పుడు అడుగున నీటి బొట్లుంటే ఇంకా ఆరలేదన్నమాట.

ఇంత ఆమ్లం ఎందుకండీ అనేవాళ్లకు ఇంకో దారి ఉంది, అన్నభేది. గూడూరు వైపు నిమ్మతోటల్లో ఆకులు పాలిపోతే చల్లే మందే. లీటరు నీటికి 50 గ్రాములు కరిగించి కడిగిన సిమెంటు మీద పలచగా పూస్తే, మొదట పచ్చగా కనిపించి, గాలి తగిలి మర్నాటికి తుప్పు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. చాలకపోతే మరో పూత. యాసిడ్ స్టెయిన్ అంత ప్రమాదం లేదు కానీ బట్టల మీద పడితే ఆ మరక పోదు, చేతికి తొడుగులు దీనికీ కావాలి. ఏది వాడినా ముందుగా సామాన్ల గదిలో మూల ఒక జానెడు చోట వేసి, వారం పాటు దాని మీద నడిచి చూడండి. అది నచ్చితే అప్పుడు హాలు సంగతి.