చేతికుట్టుతో చక్కని బొంత

పొందిక లేని పనిని "అతుకుల బొంత" అని ఎగతాళి చేయుట మనలో వాడుక. ఈ మాటవలన బొంతకు చెడ్డపేరు వచ్చినది. బొంతలో అతుకులుండుట తప్పు కాదు. అతుకు వంకరగా నుండుటయే తప్పు. కొలతతో కోసి, గీతమీద కుట్టిన బొంత ఇంటికి అందము, ఒంటికి సుఖము, అవసరమైనపుడు చేతికి నాలుగు డబ్బులు తెచ్చును. దీనికి కుట్టుమిషను అక్కరలేదు. సూది, నూలుదారము, కత్తెర, కొలబద్ద, ఒక అట్టముక్క ఉన్న చాలును.

మన ప్రాంతమునకు బొంత ఎందుకు?

కృష్ణా డెల్టాలో చలి స్వల్పము. ధనుర్మాసపు తెల్లవారుజాములు తప్ప దళసరి కంబళ్ళతో పని లేదు. పాత నూలుచీరలు మూడు నాలుగు పొరలుగా వేసి కుట్టిన బొంత ఈ చలికి సరిపోవును. నులకమంచముమీద పరచుటకు, పసిబిడ్డను పండుకొనబెట్టుటకు అంతకంటె మెత్తనిది లేదు.

మరియొక ముఖ్య కారణము కలదు. మనది వరదల నేల, తుపానుల నేల. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. 2024 సెప్టెంబరు మొదటి వారములో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మొదలగు పేటలు రోజుల తరబడి నీటిలో నుండెను. అదే సమయమున ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించినది. బురదనీటిలో నానిన దూదిపరుపు లోపల ఆరదు. ముద్దకట్టి, కుళ్ళి, పారవేయవలసి వచ్చును. బొంతలో దూది లేదు, బట్ట పొరలే యున్నవి. సబ్బునీటిలో ఉతికి, మంచి ఎండలో రెండువైపుల ఆరవేసిన మరల పనికివచ్చును. కాబట్టి చక్కగా కుట్టిన రెండు బొంతలు ఇంట నుండుట ఆపదలో ఆదరువు.

బట్ట ఎన్నిక

బట్టకు మన ప్రాంతమున కొరత లేదు. మచిలీపట్నపు అద్దకపు బట్టకొరకు ఇంగ్లీషువారు 1611లోనే అక్కడ వర్తకస్థావరము పెట్టుకొనిరి. నేడును పెడనలో అచ్చు అద్దకము, మంగళగిరిలో నేత సాగుచున్నవి. విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతవంటి బట్టల బజారులు ఉండనే యున్నవి. కాని బొంతకు మొదట చూడవలసినది మీ ఇంటి పెట్టెనే.

నేటి చీరలలో చాల భాగము కల్తీనూలువి. అవి చెమటను పీల్చవు. అనుమానమున్నచో ఒక పోగు లాగి, ఇనుప రేకుమీద కాల్చి చూడుడు. నూలుపోగు కాగితము వలె మండి మెత్తని బూడిదయగును. పాలిస్టరు పోగు కరగి గట్టి పూసగా మారును. పూసకట్టిన దానిని వేరుగా నుంచుడు. ఒకే బొంతలో ఈ రెండును కలిపినచో, ఉతికిన తరువాత నూలు ముడుచుకొనును, పాలిస్టరు ముడుచుకొనదు. బొంత ఉబ్బెత్తుగా తయారగును.

బట్టను వెలుతురుకు అడ్డముగా పట్టి చూచిన చివికిన తావులు తెలియును. గట్టి తావులు పైముక్కలకు, కొంచెము నలిగినవి లోపలి పొరలకు వాడవలెను. చేతితో లాగిన చిరుగునది ఎందుకును పనికిరాదు. క్రొత్త బట్ట కలుపదలచినచో ముందుగా నానబెట్టి, ఉతికి, ఆరవేసి తరువాత కోయవలెను. రంగు దిగు ఎర్రబట్టను తడిపి, తెల్లగుడ్డమీద రుద్ది పరీక్షించుడు.

కోతలోనే సగము పని

మెత్తని పాతబట్ట కత్తెర క్రింద జారిపోవును. దీనికి మందు మన వంటింటనే కలదు. అన్నము వార్చిన గంజిని పలుచజేసి, వడగట్టి, బట్టను ముంచి ఆరవేసి ఇస్త్రీ చేసినచో కాగితము వలె నిలుచును. ముక్కలు సరిగా తెగును, సూది సరిగా దిగును. బొంత పూర్తియైన పిదప మొదటి ఉతుకులో గంజి పోవును.

తరువాత అట్టతో రెండు చదరములు కోయుడు: ఒకటి ఆరున్నర అంగుళములు, రెండవది ఆరు అంగుళములు. పెద్ద అట్టను బట్టమీద పెట్టి కోతగీత గీయవలెను. చిన్న అట్టను దాని నడుమ పెట్టి కుట్టుగీత గీయవలెను. రెండు గీతల నడుమ నలువైపుల పావు అంగుళము, అనగా రెండు నూళ్ళు, మిగులును. లేతరంగు బట్టపై పెన్సిలు, ముదురురంగుపై అరిగిన సబ్బుబిళ్ళ వాడుడు. అట్ట అంచు పడుగుపోగుల వెంబడి ఉండవలెను. ఐమూలగా కోసిన ముక్క కుట్టునపుడు సాగి, వంకరపోవును.

ఈ రెండు నూళ్ళ విషయములో ఎందుకింత పట్టుదల? లెక్క చూడుడు. పెద్ద బొంతకు అడ్డముగా 9 ముక్కలు, నిలువుగా 13 వరుసలు, మొత్తము 117 ముక్కలు కావలెను. బొంత నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు వచ్చును. ఒక వరుసలో 8 అతుకులుండును. ప్రతి అతుకువద్ద ఒక్క నూలు బట్ట అదనముగా కుట్టులోనికి పోయినచో, ఆ వరుస ఎనిమిది నూళ్ళు, అనగా ఒక పూర్తి అంగుళము పొట్టియగును. ప్రక్క వరుస సరిగా నున్నచో ఆ రెండును ఎన్నటికి కలియవు. తాడు పట్టి నాటిన చేనులో మొదటి వరుస తప్పిన తక్కినవన్నియు తప్పినట్లే.

నలుబదియైదు అంగుళముల వెడల్పుగల గట్టి బట్టలో అడ్డమునకు 6 ముక్కలు వచ్చును. 117 ముక్కలకు 20 వరుసలు, అనగా 130 అంగుళముల పొడవు బట్ట చాలును.

ముక్కలు అతుకుట

క్రొత్తగా నేర్చుకొనువారు పెద్ద బొంతకు పోవలదు. అడ్డము 5, నిలువు 6, మొత్తము 30 ముక్కలతో పసిబిడ్డ బొంత మొదలు పెట్టుడు. ముక్కలను నేలమీద పరచి, ముదురు ప్రక్క లేత వచ్చునట్లు అమర్చి, నిలుచుండి దూరమునుండి చూడుడు. తృప్తి కలిగిన పిమ్మట వరుసల ప్రకారము దొంతర్లు పెట్టి, పైన అంకె వేసిన చీటీ గుచ్చవలెను.

దారము మూరెడుకు మించరాదు. పొడవైన దారము పనిని త్వరపెట్టదు. చిక్కుపడి, రాపిడికి తెగును. మైనముమీద ఒకసారి లాగినచో చిక్కుపడదు.

రెండు ముక్కల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, పై ముక్క గీతమూలలో గుండుసూది గ్రుచ్చి, క్రింది ముక్క గీతమూలలో బయటికి వచ్చినదా లేదా తిప్పి చూడుడు. రెండు మూలలు, నడిమి భాగము ఇట్లు బిగించి, గీతమీదనే సాదాకుట్టు వేయుడు. అంగుళమునకు ఎనిమిది కుట్లు పడవలెను. మొదట, చివర, నాలుగైదు కుట్లకొకసారి సూదిని వెనుకకు వేసి ఒక కుట్టు బిగించుడు. దారమును మరీ లాగిన బట్ట ముడుతలు పడును.

ఒక వరుస పూర్తికాగానే వెనుకవైపు అతుకులను ఒక ప్రక్కకు వంచి ఇస్త్రీ చేయవలెను. మొదటి వరుస అతుకులు కుడికి, రెండవదానివి ఎడమకు, ఇట్లు మార్చి మార్చి వంచుడు. వరుసలు కలుపునపుడు అతుకులు ఒకదానినొకటి తన్నిపట్టి, నాలుగు మూలలు ఒకేచోట కూడును. బొంత పనితనము తెలియునది ఈ కూడలివద్దనే. అక్కడ అర నూలు తేడా కనిపించినను ఆ నాలుగు కుట్లు విప్పి మరల కుట్టుట మేలు. వంద ముక్కలు కలిసిన తరువాత విప్పుట కష్టము.

పొరలు వేసి కుట్టుట

ఊడ్చి తుడిచిన నేలమీద అడుగుబట్టను ముడుతలు లేకుండ పరచుడు. అది పైబట్టకంటె నలువైపుల రెండంగుళములు పెద్దదిగా నుండవలెను. దానిపై రెండు లోపలి పొరలు, ఆపైన అతికిన బట్ట వేసి, నడిమినుండి అంచులకు చేతితో దువ్వవలెను. నడిమినుండియే మొదలుపెట్టి జానెడు ఎడముగా దూరపు కుట్లు వేయుడు. ఇవి తాత్కాలికము, చివర తీసివేయవచ్చును.

తరువాత అసలు కుట్టు. రెండువ్రేళ్ళ ఎడముగా నిలువు వరుసలు సాగవలెను. ప్రతి కుట్టును అడుగుపొరను అందుకొన్నదా లేదా క్రింద చేయి పెట్టి చూచుకొనుడు. అందని కుట్టు నాలుగు ఉతుకులలో బుడగగా లేచును. అంచుకు పాతచీర నూలు అంచును మడిచి కుట్టినచో గట్టిగా నుండును. జరీ అంచు బిడ్డ చర్మమును గీరును, వలదు.

ఒక్క హెచ్చరిక. మొదలుపెట్టునపుడు గుండుసూదులు లెక్కించి తీసుకొనుడు. అన్నియు తిరిగి వచ్చినవని లెక్క తేలనిదే బొంతను మడత పెట్టరాదు, బిడ్డ క్రింద వేయరాదు.

గ్రామాధికారులకు మనవి

బెంగాలులో పాతచీరల పొరలతో కాంతా కుట్టుదురు. దానికి దారము కూడ చీర అంచులనుండియే లాగువారు. అమెరికాలో పత్తి పండించు అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె గలదు. అచటి నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళల మ్యూజియములో ప్రదర్శింపబడినవి. 2006లో అక్కడి తపాలాశాఖ వారు వాటి బొమ్మలతో బిళ్ళలు వెలువరించిరి. పల్లె చేతిపనికి విలువ కట్టువారు కలరనుటకు ఇది తార్కాణము.

మన డెల్టాలో వరికోతలు, మినుము పెసర తీతలు ముగిసి, కాలువలు కట్టివేసిన వేసవిలో కూలిపనులు సన్నగిల్లును. ఆ రోజులలో డ్వాక్రా సంఘములవారిని పదిమందిని కూర్చోబెట్టి, ఊరిలో బాగుగా కుట్టు పెద్దమ్మచేత నేర్పింపవచ్చును. మగవారును నేర్చుకొనవచ్చును; దర్జీలు మగవారు కారా? అమ్మదలచినచో బొంతకొక పుస్తకము పెట్టి, బట్ట ఖరీదు, దారము ఖరీదు, పట్టిన గంటలు వ్రాయించుడు. గంటల లెక్క లేనివారు బేరములో తమ కూలిని తామే మరచిపోవుదురు. వంకర బొంతకు కొనువాడు చెప్పినదే ధర. మూలలు కలిసిన బొంతకు కుట్టినవారు ధర చెప్పగలరు.

ఈ వేసవిలో మీ ఇంటి పాతచీరలలో ఒకదానిని వెలుతురుకు పట్టి చూడుడు. గట్టి తావున ఆరున్నర అంగుళముల అట్ట పెట్టి గీత గీయుడు. ముప్పది ముక్కలతో మొదలైన చేయి నూటపదునేడు ముక్కలకు భయపడదు.