పెరటిలోకి అడవి మొక్క: తిప్పతీగ విషయంలో పాటించవలసిన విచక్షణ

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల్లో పాత ఇళ్ల ఆవరణలు క్రమంగా అపార్ట్‌మెంట్లుగా మారుతున్నాయి. నిర్మాణం మొదలయ్యే వరకు ఖాళీగా ఉండే స్థలాల్లోను, ప్రహరీల వెంట, హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలా పరిసరాల్లోను ఉత్తరేణి, నేల ఉసిరి, కుప్పింటాకు, తిప్పతీగ, వయ్యారిభామ వంటి మొక్కలు ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. వీటిలో ఏది పెరటికి తగినది, ఏది తగనిది అన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం అవసరం. కోవిడ్ కాలంలో విశేష ఆదరణ పొందిన తిప్పతీగ ఇందుకు తగిన ఉదాహరణ.

మొదటి పరీక్ష: సరైన గుర్తింపు

తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దీనిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో జాతి ఉంది. రెండింటి ఆకులూ హృదయాకారంలోనే ఉంటాయి కనుక ఆకును మాత్రమే చూసి నిర్ణయించరాదు. క్రిస్పా కాండాన్ని కోస్తే పాలవంటి ద్రవం వస్తుంది; తిప్పతీగలో అది ఉండదు. తిప్పతీగ పండ్లు గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి; క్రిస్పా పండ్లు కోలగా, నారింజ రంగులో ఉంటాయి. అయితే తిప్పతీగలో ఆడ, మగ మొక్కలు వేరు. మగ తీగ ఎన్నటికీ కాయదు కాబట్టి పండు లేనిచోట కాండం, పూల లక్షణాలనే పరిశీలించాలి. సందేహముంటే ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం వంటి సంస్థల నిపుణులకు నమూనా చూపడం మేలు.

రెండవ పరీక్ష: వ్యాప్తి స్వభావం

అందం చూసి తెచ్చిన మొక్క ఆపదగా మారిన సందర్భాలు మన దేశంలో కొత్త కాదు. అలంకరణ కోసం వచ్చిన లంటానా అడవులను, గుర్రపుడెక్క చెరువులను ఆక్రమించాయి. 1950ల మధ్యలో పూణెలో గుర్తించిన వయ్యారిభామ నేడు దేశమంతటా వ్యాపించి చర్మవ్యాధులకు, ఉబ్బసానికి కారణమవుతోంది. తెల్లని పూలు ఆకట్టుకున్నా దీనిని పెరట్లో ఉంచరాదు. పూతకు ముందే, చేతి తొడుగులు ధరించి పీకివేయాలి.

తిప్పతీగ మన దేశపు మొక్కే. అయినా స్వేచ్ఛగా వదిలితే ఆశ్రయమిచ్చిన చెట్టును కప్పివేస్తుంది. కొమ్మల నుండి దారాల వంటి వేళ్లను నేలకు దించి, మొదలు నరికినా బతకగలదు. అందువల్ల పందిరి మీదకు పాకించి, ఏటా కత్తిరించడం అవసరం.

మూడవ పరీక్ష: సేకరణ స్థలం, పద్ధతి

మొక్కను వేళ్లతో పెకలించనవసరం లేదు. ముదిరిన కాండం నుండి రెండు మూడు కణుపులున్న ముక్కను స్థల యజమాని అనుమతితో తీసుకుని, వానాకాలంలో నాటితే చాలు. మురుగు నాలా వెంట పెరిగిన మొక్కల్లో భార లోహాలు చేరే అవకాశం ఉంది. వాటి ఆకులను, కాండాన్ని నేరుగా వాడరాదు. భవన నిర్మాణంతో ఎలాగూ తొలగిపోనున్న తీగ నుండి ముక్కలు తీసుకోవడం మాత్రం సంరక్షణే అవుతుంది.

నాలుగవ పరీక్ష: ఉద్దేశం

పెంచడం వేరు, సేవించడం వేరు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబై వైద్యులు నివేదించారు. పోలిక గల జాతిని పొరపాటున వాడే ప్రమాదముందని 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించింది. అదే ఏడాది దేశంలోని 13 కేంద్రాల వైద్యులు ఇటువంటి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో పలువురికి స్వయం ప్రతిరక్షక లక్షణాలు కనిపించాయి. కనుక సరైన జాతి అని తేలినంత మాత్రాన అది అందరికీ నిరపాయమని భావించరాదు. వైద్యుని సలహా లేకుండా కషాయం సేవించరాదని విస్తరణ కార్యకర్తలు స్పష్టంగా చెప్పాలి.

ఈ నాలుగింటిలో మొదటిది నెరవేరనప్పుడు మిగిలినవి పరిశీలించనక్కర లేదు; పేరు నిశ్చయం కాని మొక్కను ఉన్నచోటనే వదలాలి. గుర్తింపు నిశ్చయమై, వ్యాప్తిని అదుపు చేసే వీలుండి, శుభ్రమైన మట్టి లభించినప్పుడు తిప్పతీగ నగరపు పెరటికి, మేడపై కుండీకి కూడా తగిన తీగే. పెరటి తోటల శిక్షణలో మొక్కలు పంచడానికి ముందు ఈ పరీక్షలను నేర్పడం వల్ల ప్రయోజనం అధికంగా ఉంటుంది.