అంచు చిల్లులు చెప్పే వయసు: పెన్నీ రెడ్ కథ

పాత తపాలా బిళ్ళ అయితే చాలు, ఎంతో విలువ చేస్తుందన్న నమ్మకాన్ని పూర్వపక్షం చేయడానికి విక్టోరియా రాణి కాలపు పెన్నీ రెడ్ ఒక్కటి చాలు. 1841 నుంచి 1879 దాకా కోట్లకొద్దీ అచ్చయి బ్రిటన్‌లో మామూలు ఉత్తరాలన్నిటినీ మోసిన ఈ ఎర్రబిళ్ళ, వాడినదైతే, ఇప్పటికీ కొద్దిపాటి సొమ్ముకే దొరుకుతుంది. అయితే చూడటానికి ఒకేలా ఉండే ఈ బిళ్ళల్లో ఏది మామూలుదో, ఏది అరుదైనదో తేల్చేది రాణిగారి బొమ్మ కాదు, దాన్ని తయారుచేసిన యంత్రాలు కాగితం మీద వదిలిన జాడలు.

1840లో వచ్చిన తొలి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ మీద ఎర్ర సిరాతో కొట్టిన రద్దు ముద్రను చెరిపి, బిళ్ళను మళ్ళీ వాడుకునే వీలుండటంతో, మరుసటి ఏడు రంగులు తారుమారై బిళ్ళ ఎరుపు, ముద్ర నలుపు అయ్యాయి. ఒక్కో షీటులో వరుసకు 12 చొప్పున 20 వరుసల్లో 240 బిళ్ళలుండేవి. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను అయిన ఆ రోజుల్లో వరుస ధర షిల్లింగు, షీటు ధర పౌను కావడం లెక్కలకు చక్కగా కుదిరింది. చిక్కల్లా ఒక్కో బిళ్ళనూ కత్తెరతో కత్తిరించడంలోనే వచ్చింది.

ఆ చిక్కుకు విరుగుడుగా, ఐర్లండుకు చెందిన హెన్రీ ఆర్చర్ 1847లో ఒక యంత్రాన్ని ప్రతిపాదించాడు. మొదట బిళ్ళల మధ్య చిన్న కత్తులతో గాట్లు పెట్టించి చూస్తే, ఆ కత్తులు కాగితంతో పాటు కింది బల్లనూ పాడుచేశాయి. దాంతో అతడు గాట్లు మాని, వరుసగా అమర్చిన సూదులు పైనుంచి దిగి కింది రంధ్రాల్లోకి దూరుతూ కాగితాన్ని గుండ్రంగా తొలిచే పద్ధతికి మళ్ళాడు. ఆ యంత్రం హక్కులను ప్రభుత్వం 1853లో 4,000 పౌన్లకు కొన్నది. 1854 నుంచి చిల్లుల అంచు బిళ్ళలు వాడుకలోకి వచ్చాయి. రెండు సెంటీమీటర్లకు 16 చిల్లులు మరీ దగ్గరై, షీట్లు ముందే చిరిగిపోతుండటంతో 1855లో వాటిని 14కు తగ్గించారు. రెండు సెంటీమీటర్లకు ఎన్ని చిల్లులో లెక్కించే ఈ కొలమానాన్ని ఆ తర్వాత, 1866లో, ప్యారిస్‌కు చెందిన లెగ్రాండ్ ప్రవేశపెట్టాడు. సేకర్తల చేతిలోని చిల్లుల కొలబద్ద నేటికీ అదే లెక్క చెబుతుంది. తడి కాగితం మీద అచ్చువేసేవారు కాబట్టి, ఆరేటప్పుడు షీటు ఎగుడుదిగుడుగా కుంచించుకుపోయి, చిల్లులు బొమ్మను కొరికేసేవి. బొమ్మ సరిగ్గా నడుమన కుదిరిన బిళ్ళకు నాలుగు డబ్బులు ఎక్కువ రావడానికి కారణమిదే.

బిళ్ళను గుర్తించేటప్పుడు ముందుగా అంచు చూడాలి: చిల్లులు లేకపోతే సాధారణంగా అది 1854కు ముందుది, అయితే చిల్లులను కత్తిరించి పాత సరుకుగా చూపే మోసమూ లేకపోలేదు. తర్వాత బిళ్ళను బోర్లించి, వెలుతురుకు పట్టి, కాగితం తయారీలోనే పడిన నీటిగుర్తును చూస్తే, 1855 దాకా చిన్న కిరీటం, ఆపైన పెద్ద కిరీటం కనబడతాయి. కింది మూలల అక్షరాలు షీటులో బిళ్ళ స్థానాన్ని చెబుతాయి: ఎడమన సి, కుడిన ఎఫ్ ఉంటే అది మూడో వరుసలో ఆరో బిళ్ళ. 1864 నుంచి పై మూలల్లోనూ అవే అక్షరాలు తిరగేసి, ఎడమన ఎఫ్, కుడిన సి అని పడ్డాయి. రెండు పక్కల అల్లికలో అచ్చు ప్లేటు సంఖ్య కూడా చేరింది. భూతద్దం లేకుండా ఈ సంఖ్య కనబడటం కష్టం, అయినా అసలు తేడా అక్కడే: 71 నుంచి 225 దాకా ఉన్న ఈ ప్లేట్లలో చాలావాటి బిళ్ళలు చవకగా దొరుకుతుండగా, తిరస్కరణకు గురైన 77వ ప్లేటు నుంచి ఎలాగో బయటపడ్డ కొద్ది బిళ్ళలు మాత్రం ఆస్తులంత ధర పలుకుతాయి. 177లోని ఒకటిని గీకి 77 అని అంటగట్టే ఘరానా పని అందుకే పుట్టింది.

ధరల పట్టికలోని అంకె లోపం లేని ప్రతికి వర్తకుడు అడిగే ధరే తప్ప, అమ్మేవాడి చేతికొచ్చే సొమ్ము కాదు. చిల్లుల అంచు పళ్ళు విరిగినా, కాగితం వెనుక పలచబడినా, బొమ్మను కప్పేసేంత ముద్ర పడినా అందులో ఏ కొంచెమో మిగులుతుంది. అయితే ముద్ర ఎప్పుడూ నష్టమే కాదు: గీతల మధ్య ఏ25 అని ఉంటే ఆ బిళ్ళ మాల్టాలో వాడినదని అర్థం, లండన్‌లో వాడిన అదే ప్లేటు బిళ్ళ కంటే దానికి గిరాకీ ఎక్కువ. అది ఇంకా కవరు మీదే అంటుకుని ఉంటే, ఏ తేదీన ఏ దారిన వెళ్ళిందో చెప్పే మిగతా ముద్రలూ అక్కడే ఉంటాయి కనుక, నానబెట్టి ఊడదీయకపోవడం మంచిది.