మీకు తెలుసా? పాముకూ రెండు గదులు కావాలి!

సోమశిల దగ్గర కృష్ణలో జాలరి వలకు చిక్కే నీరుకట్టు పాముకు విషం లేదు. అలాగని ఇంటికి తెచ్చి పెంచుకుంటామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పెంపుడు పాములంటే ఆఫ్రికా బాల్ పైథాన్ లాంటివి. 2022 చట్ట సవరణతో వాటినీ నమోదు చేయించాల్సిందే.

పాము ఒళ్లు తనంతట తాను వేడెక్కదు. అందుకే బాల్ పైథాన్ పెట్టెలో ఒక కొసన సుమారు 32 డిగ్రీలు, రెండో కొసన 26 ఉంచుతారు. నక్కడానికి రెండువైపులా చాటు కావాలి. ఒక్కటే పెడితే, వెచ్చదనమా చాటా అని పాపం నలిగిపోతుంది. అంచులు నున్నగా అరగదీసిన సగం కుండ బోర్లిస్తే చాలు. మూతకు మాత్రం గట్టి గొళ్లెం పెట్టాలి. తల పట్టే సందు దొరికిందా, తెల్లారేసరికి పెట్టె ఖాళీ!