కెమెరా కార్డు మార్చేటప్పుడు మేము నేర్చుకున్న పాఠం



అన్నలు కొనిచ్చిన కెమెరా మన హాస్టల్ వరండాలో ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. దాని మెమొరీ కార్డు మార్చే పని మాకు అప్పగించారు. అందులో మేము చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక రాత్రి తొమ్మిదో తరగతి విద్యార్థి ట్రంకు పెట్టెలో దాచుకున్న 500 రూపాయలు పోయాయి. ఆ రాత్రి లేచి బయటకు వెళ్ళిన ఏడో తరగతి తమ్ముడిని అందరూ అనుమానించారు. "నేను మంచినీళ్ళకు వెళ్ళానన్నా, కెమెరాలో చూడండి" అని ఏడ్చాడు. తెల్లవారి మేము కెమెరా ఆపకుండానే పాత కార్డు లాగి కొత్తది పెట్టాము. తరువాత ఆ రాత్రి దృశ్యం చూద్దామని పాత కార్డునే మళ్ళీ కెమెరాలో పెట్టాము. కార్డులో లోపం ఉంది, ఫార్మాట్ చేయాలా అని ఫోనులో అడిగింది. అవునని నొక్కాము. అంతా పోయింది.

ఎందుకు పోయింది? కార్డు ఒక నోటుబుక్కు వంటిది. ఫార్మాట్ చేస్తే సాధారణంగా ముందు పోయేది విషయసూచిక మాత్రమే. లోపలి రాత వెంటనే చెరిగిపోదు. అప్పుడే కార్డు తీసేసి కంప్యూటరులో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే కొంతైనా దొరికే అవకాశం ఉంది. మేము కార్డును రోజంతా కెమెరాలోనే ఉంచాము. పాత రాత మీద కొత్త రాత పడింది.

ఇంకొక సంగతి. కార్డు నిండితే కెమెరా పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటుంది. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు సుమారు 900 ఎం.బి., రోజుకు 21 జి.బి. పైన అవుతుంది. అంటే 32 జి.బి. కార్డులో ఒకటిన్నర రోజు, 64 జి.బి. కార్డులో మూడు రోజుల లోపు దృశ్యాలే ఉంటాయి. కనుక ఏదైనా జరిగితే ఆ రోజే కాపీ చేయాలి.

కార్డు మార్చే పద్ధతి ఇది:

1. ముందు కెమెరాకు కరెంటు ఆపి, తరువాతే కార్డు తీయాలి.

2. కార్డు రీడరుతో కంప్యూటరుకు కలపాలి. ఫార్మాట్ చేయాలా అని అడిగితే వద్దనే నొక్కాలి. ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేయాలి, కట్ చేయరాదు.

3. రెండు మూడు ఫైళ్ళు తెరిచి తేదీ, సమయం చూడాలి. రెండు చోట్లా మొత్తం సైజు సరిపోవాలి.

4. కొత్త కార్డును కెమెరాలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేయాలి. ఆ కెమెరా ఎన్ని జి.బి. వరకు తీసుకుంటుందో కొనే ముందే చూసుకోవాలి. ఎప్పుడూ రాస్తూనే ఉండే పని కనుక 'హై ఎండ్యూరెన్స్' రకం కార్డు మేలు.

5. పాత రికార్డింగులను కొత్త కార్డులోకి ఎక్కించనక్కరలేదు. చాలా కెమెరాలు వాటిని చూపించవు, పైగా నిండినప్పుడు చెరిపేయవచ్చు. పెన్ డ్రైవులో మరో కాపీ ఉంచి, పాత కార్డును తేదీ రాసిన కవరులో వార్డెన్ సారుకు అప్పగించాలి.

విషయం కోర్టు దాకా వెళితే అసలు కార్డుకు విలువ ఎక్కువ. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, కాపీ ఇచ్చేటప్పుడు దానితో సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి.

ఆ డబ్బు ఎవరు తీశారో నేటికీ తెలియదు. తమ్ముడు వారం రోజులు భోజనాల వరుసలో చివర ఒంటరిగా కూర్చున్నాడు. వాడి మాట నిజమని చూపగల ఒక్క సాక్ష్యాన్నీ మా చేతులతోనే చెరిపేశాము. రుజువు లేకుండా వాడిని దొంగగా చూడటం అంతకంటే పెద్ద తప్పు. అందరి ముందూ వాడికి క్షమాపణ చెప్పుకున్నాము. ఇప్పుడు కార్డు మార్చేటప్పుడు వాడే మా పక్కన నిలబడి, "అన్నా, కరెంటు ఆపారా?" అని అడుగుతున్నాడు.