తప్పు మనదా, కంపైలర్‌దా? వెతికి పట్టుకోవడం ఎట్లా?



మన పిల్లలకు అనువాదం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం వాళ్ళకు రోజూ ఉండే పనే. కంపైలర్ చేసేదీ ఇదే. మనం సీ భాషలో రాసిన ప్రోగ్రామును కంప్యూటర్‌కు అర్థమయ్యే యంత్రభాషలోకి మారుస్తుంది.

తెలివైన అనువాదకుడు కొంచెం కుదించి చెబుతాడు. "అంగడికి పోయి పప్పు తే, మళ్ళీ అంగడికి పోయి చింతపండు తే" అని మనమంటే, "అంగడికి పోయి పప్పు, చింతపండు తే" అంటాడు. సరుకు అదే, ఒక నడక మిగిలింది. దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు. జీసీసీ అనే కంపైలర్‌కు 'ఓ2' అని చెబితే ఈ కుదింపు బాగా చేస్తుంది. 'ఓ0' అని చెబితే దాదాపు చేయదు.

మొన్న మన కంప్యూటర్ గదిలో ప్లస్ వన్ అమ్మాయి ఒకతె మార్కులు కూడే ప్రోగ్రాము రాసింది. 'ఓ0'తో మొత్తం 431 అని సరిగ్గా వచ్చింది. 'ఓ2' పెట్టగానే కోట్లలో ఏదో అంకె! "సార్, నేను రాసింది కరెక్టే. కంపైలర్‌లోనే తప్పుంది" అంది. ముఖం చిన్నబోయింది. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, ఒప్పుకోనూ లేదు.

ఎందుకంటే కంపైలర్లలో తప్పులు ఉండే మాట నిజం. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 'సీస్మిత్' అనే సాధనంతో మూడేళ్ళు పరీక్షించి, అంతవరకు ఎవరికీ తెలియని తప్పులు 325కు పైగా కనిపెట్టారు. 2011లో ఆ వివరాలు ప్రచురించారు. పేరున్న కంపైలర్లు కూడా తప్పించుకోలేదు.

అయితే ఇంకో కథ కూడా ఉంది. 2009లో లినక్స్ కెర్నల్‌లో 'టన్' అనే నెట్‌వర్క్ భాగంలో పెద్ద భద్రతా లోపం బయటపడింది. అక్కడి ప్రోగ్రాము ఇట్లా ఉంది: ముందు డబ్బా మూత తీసి బెల్లం తీసుకో, తర్వాత అసలు డబ్బా ఉందా లేదా చూడు. జీసీసీ ఏమనుకుంది? "మూత తీశాడంటే డబ్బా ఉన్నట్టే కదా, మళ్ళీ చూడడం దండగ" అని ఆ తనిఖీని తీసేసింది. దాంతో మామూలు యూజర్ కూడా కంప్యూటర్ మీద పూర్తి అధికారం సంపాదించే దారి దొరికింది. సీ భాష నియమాల ప్రకారం కంపైలర్ చేసింది తప్పు కాదు. వరసలు తారుమారు చేసి రాయడమే అసలు తప్పు. ఆ తర్వాత వరస సరిచేశారు. ఇట్లాంటి తనిఖీలు తీసేయవద్దని కంపైలర్‌కు కూడా చెప్పి కెర్నల్ తయారుచేయడం మొదలుపెట్టారు.

కాబట్టి నేరం ఎవరిదో తేల్చడానికి ఒక పద్ధతి కావాలి:

1. తప్పు ప్రతిసారీ వచ్చేలా చేసుకోండి. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే వెతకడం కష్టం.

2. ఆప్టిమైజేషన్ తీసేసి చూడండి. తప్పు మాయమైతే అది ఒక జాడ మాత్రమే. కంపైలర్‌దే నేరమని దానితో తేలిపోదు.

3. హెచ్చరికలన్నీ చూపించమని కంపైలర్‌ను అడగండి.

4. ప్రోగ్రామును కోస్తూ పోండి. సగం తీసేసి చూడండి. తప్పు ఇంకా వస్తుంటే మిగతాదాంట్లో మళ్ళీ సగం తీయండి.

5. క్లాంగ్ లాంటి వేరే కంపైలర్‌తోనూ చేసి చూడండి.

6. ఇంతా చేసి మన కోడ్ నియమం తప్పలేదని తేలితే, కంపైలర్ ఏ వెర్షన్ నుంచి తప్పు మొదలైందో వెతకండి. వరసగా చూడనక్కర్లేదు. నడిమి వెర్షన్ పరీక్షిస్తే సగం పోతాయి. వెయ్యి వెర్షన్లున్నా పది పరీక్షలు చాలు. అప్పుడు ఆ చిన్న ప్రోగ్రామును కంపైలర్ తయారుచేసేవాళ్ళకు పంపవచ్చు.

మన అమ్మాయి అరవై వరసల ప్రోగ్రామును ఏడు వరసలకు తెచ్చింది. అయినా తప్పు కనిపించలేదు. ఆ రాత్రి ఇంట్లో అవ్వకు తెలుగులో వివరించిందట. అవ్వ చీటీల లెక్కలు రాసే మనిషి. అంతా విని, "కూడే ముందు పలక తుడిచినావా లేదా?" అని అడిగింది.

అక్కడే ఉంది చిక్కు. 'మొత్తం' అనే పెట్టెలో ముందుగా సున్నా పెట్టకుండానే కూడడం మొదలుపెట్టింది. 'ఓ0'తో చేసినప్పుడు అక్కడ సున్నా ఉండడం కేవలం అదృష్టం. 'ఓ2'తో ఆ అదృష్టం పోయింది. మర్నాడు హెచ్చరికలు ఆన్ చేస్తే కంపైలరే ఆ వరస చూపించింది. మూడో మెట్టు దాటేసి నాలుగోదానికి పోయినాం, అంతే!

ఆమె సిగ్గుపడింది. పడనక్కర్లేదు. లినక్స్ రాసేవాళ్ళకే తప్పలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "మాకు కంప్యూటర్ తెలియదు" అని పక్కకు తప్పుకోకండి. పిల్లలు చేసింది మీకు మన భాషలో చెప్పమనండి. చెబుతుండగానే వాళ్ళ తప్పు వాళ్ళకే కనిపిస్తుంది. మీరు అడిగే మామూలు ప్రశ్న ఒక్కోసారి మా పాఠం కంటే ఎక్కువ పనిచేస్తుంది.