కుర్చీలో కూర్చుండి యుద్ధ హెలికాప్టరు నడుపుట

తూనీగ చెరువు నీటిమీద కదలక ఒకేచోట నిలిచి, తటాలున ప్రక్కకు జరిగి, మరల నిలుచుట అందరును చూచియుందురు. దానికి అది పుట్టుకతో వచ్చిన విద్య. మనుష్యుడు యంత్రముతో ఆ పని చేయుటకు చాల తంటాలు పడవలసి వచ్చెను. 1939 సెప్టెంబరులో ఐగర్ సికోర్‌స్కీ అమెరికాలో తన వి.ఎస్-300 హెలికాప్టరును తొలిసారి నేలనుండి లేపినపుడు, అది ఎటుపడిన అటు పోకుండ తాళ్ళతో కట్టియుంచిరి. రాటకు కట్టిన దూడవలె మొదలైనది ఈ విద్య.

ఈనాడు దీనిని నేర్వగోరువానికి తాళ్ళు అక్కరలేదు. కంప్యూటరు తెరమీద ఆకాశమును, నేలను, విమానపు కదలికలను గణితసూత్రముల ననుసరించి కల్పించి చూపు సిమ్యులేటరులు ఇండ్లలోనికి వచ్చినవి. రష్యాదేశపు కె.ఎ-50 అను యుద్ధ హెలికాప్టరును అనుకరించు 'బ్లాక్ షార్క్' 2008లో వెలువడినది. వియత్నాము యుద్ధమున పేరుపడిన 'హ్యూయీ', అనగా యు.హెచ్-1హెచ్, 2013లోను, మి-24 2021లోను, అపాచీ 2022లోను ఆ వరుసలోనే వచ్చినవి. ఒక చిన్న కడ్డీ, కాళ్ళకు పెడళ్ళు, ఎడమచేతికి ఒక మీట ఉన్నచో అభ్యాసము ఆరంభింపవచ్చును. సాధారణముగా తొలి ప్రయత్నము అరనిమిషములో కూలిపోవుటతో ముగియును. మీట నొక్కినంతనే హెలికాప్టరు మరల నేలమీద చెక్కుచెదరక నిలిచియుండును.

కూలిపోయి బ్రతుకగల ఈ వీలుకొరకే సిమ్యులేటరులు పుట్టినవి. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారముండెడిది. హార్మోనియపు తిత్తులవంటి ఆర్గను తిత్తులనే వాడి, కడ్డీని కదపినపుడు ఒరుగుచు లేచుచు నుండు ఒక బొమ్మ విమానమును లింక్ 1929లో నిర్మించెను. మొదట దానిని కొన్నవారు ఉత్సవములలో వినోదపు ఆటలు నడుపువారు. 1934లో అమెరికా సైనికవైమానికులకు టపా మోయు పని అప్పగింపగా, మంచులోను చీకటిలోను సాధనములను చూచి నడుపుట చేతగాక కొలదివారములలోనే పదిమందికి పైగా మరణించిరి. ఆ సంవత్సరమే సైన్యము లింక్ యంత్రములు ఆరింటిని కొనెను.

మూడు మీటలు, ఒకే పని

హెలికాప్టరు నడుపువానికి ఎడమచేతి ప్రక్క 'కలెక్టివ్' అను కడ్డీ యుండును. దానిని పైకెత్తినచో పై రోటరు రెక్కలన్నియు ఒక్కుమ్మడిగా ఏటవాలు పెంచుకొని గాలిని ఎక్కువగా క్రిందికి త్రోయును, హెలికాప్టరు లేచును. కుడిచేతిలోనిది 'సైక్లిక్'. దీనిని ఎటు వంచిన రోటరు చక్రము అటు వాలి హెలికాప్టరు నటు లాగును. (తిరుగుచున్న బొంగరమును ఒక ప్రక్క త్రోసినచో అది త్రోసిన దిక్కునకు గాక దానికి అడ్డముగా ఒరుగును. రోటరుకును ఆ గుణమే కలదు. నిర్మించినవారే ఆ లెక్క చూచి లోపలి కడ్డీలను అమర్చినారు గనుక నడుపువానికి ఆ బాధ లేదు.) కాళ్ళక్రింది పెడళ్ళు తోకమీది చిన్న రోటరు బలమును మార్చి ముక్కును కుడికి, ఎడమకు త్రిప్పును.

చెప్పుటకు ఇది సులభమే. చిక్కు ఏమన, వీనిలో ఏ ఒక్కటియు ఒంటరిగా పనిచేయదు. హ్యూయీ రోటరు పైనుండి చూచిన గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కలెక్టివును ఎత్తగానే ఇంజను రోటరును బలముగా త్రిప్పవలసివచ్చి, దాని ప్రతిక్రియవలన హెలికాప్టరు ముక్కు కుడికి తిరుగును. దానిని ఆపుటకు ఎడమ పెడలు త్రొక్కవలెను. త్రొక్కగా తోక రోటరు బలము హెలికాప్టరు నంతటిని కుడివైపునకు నెట్టును. కావున సైక్లిక్‌ను కొంచెము ఎడమకు వంచవలెను. అట్లు వంచినపుడు పైకెత్తు బలములో కొంత ప్రక్కకు పోవును, మరల కలెక్టివు. హ్యూయీ గాలిలో నిలిచియున్నపుడు ఎడమ కాలు కొంచెము క్రిందికి వ్రేలాడుచుండుటకు ఇదియే కారణము. తెరమీద దానిని చూచి యంత్రములో లోపమున్నదని భ్రమపడు క్రొత్తవారు కలరు.

నిలకడ ఎందుకు చిక్కదు

గాలిలో ఒకేచోట నిలుపుట తేలికయనియు, వేగముగా పోవుట కష్టమనియు చూచువారికి తోచును. నిజము దీనికి విరుద్ధము. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున తోకమీది రెక్కలకు గాలి తగిలి హెలికాప్టరును కొంతవరకు తిన్నగా నుంచును. నిలిచినపుడు ఆ ఆసరా లేదు.

చిన్న లెక్క చూడుడు. హెలికాప్టరు ముందునకు 5 డిగ్రీలు ఒరిగినదనుకొందము. మొదటి సెకనులో అది జరుగునది 43 సెంటీమీటర్లు. మూరెడు కూడ కాదు. అభ్యాసకుని కంటికి అది ఆనదు. రెండవ సెకను ముగియునప్పటికి 1.7 మీటర్లు, మూడవ సెకనునకు దాదాపు 4 మీటర్లు జరుగును. అప్పుడతడు ఉలికిపడి కడ్డీని వెనుకకు లాగును. కాని ఆ సమయమునకు వేగము సెకనుకు రెండున్నర మీటర్లు దాటియున్నది. ఒరుగును సరిచేసినంతమాత్రమున వేగము పోదు. దానిని చంపుటకు వెనుకకు ఒరగవలెను. ఆగుటకు ముందే మరల సమము చేయవలెను. అతడు ఆగువరకు వెనుకకు లాగియే యుంచును గనుక, ఆగిన మరుక్షణమే హెలికాప్టరు వెనుకకు పరుగిడును. ఊయల ఊపు హెచ్చినట్లు ఒక్కొక్క మారు ఊపు పెద్దదై, నాలుగవ ఊపునకో అయిదవ ఊపునకో రోటరు నేలను తాకును. ఇందు యంత్రము తప్పేమియు లేదు. ఆలస్యముగా వచ్చిన సరియైన దిద్దుబాటే ఈ పని చేసినది.

అరచేతిపై కర్రను నిలబెట్టు పిల్లవానికి ఈ కిటుకు తెలియును. వాడు చేతిని చూడడు, కర్ర కొనను చూచును. కర్ర పడిన పిమ్మట గాక ఒరుగుచుండగనే చేయి కదపును. హెలికాప్టరులోను అంతే. ముక్కు క్రింది గడ్డిని చూడక దూరముననున్న చెట్టునో, దిక్చక్రమునో చూడవలెను. ఎంత జరిగితిమని కాక ఎంత ఒరిగితిమని కనిపెట్టవలెను. కడ్డీని ఒక్క ఒత్తు ఒత్తి, ఫలితము కొరకు వేచియుండక వెంటనే తిరిగి తెచ్చుకొనవలెను. నిజ హెలికాప్టరులో ముంజేతిని తొడమీద ఆనించుకొని వ్రేళ్ళతోడనే కడ్డీని కదపుదురు. శిక్షణాలయములందు శిక్షకుడు మొదట ఒక మీటను మాత్రమే విద్యార్థి కిచ్చి మిగిలినవి తాను పట్టుకొనును. ఇంటి సిమ్యులేటరులో ఆ సాయము లేదు గనుక, ముందుగా పైన సమవేగముతో ఎగురుట, పిదప మెల్లగా వేగము తగ్గించుట నేర్చి, నిలకడను చివరకు పెట్టుకొనుట మేలు.

ఇంటి సాధనములతో వచ్చు చిక్కులు కొన్ని వేరుగా నున్నవి. బల్లమీది కడ్డీ చిన్నది; నిజ సైక్లిక్ పొడవైనది. కావున బల్లమీద ఒక అంగుళము కదలిక అక్కడ ఎంతో పెద్ద కదలిక యగును. ఇంతకన్న అపాయకరమైనది ఎడమచేతి మీట. విమానముల మీట ముందుకు త్రోసినచో బలము పెరుగును. కలెక్టివు పైకి, అనగా తనవైపునకు లాగినచో పెరుగును. విమానపు మీటనే కలెక్టివుగా వాడుకొనువారు తొందరలో తలక్రిందులుగా లాగి కూలుదురు.

చేయి చెప్పిన మాట వినరాదు

నిలకడ చిక్కిన తరువాత అసలు పాఠము వచ్చును. హెలికాప్టరులో కొన్ని ప్రమాదములందు భయముతో చేయి మొదట చేయబోవు పనియే చంపునట్టిది.

అట్టివానిలో మొదటిది సుడిలో చిక్కుట. ముందువేగము చాల తగ్గి, ఇంజను బలముతో నిమిషమునకు సుమారు 300 అడుగులకు మించి నిట్టనిలువుగా దిగునపుడు, రోటరు తాను క్రిందికి త్రోసిన గాలిలోనికే దిగును. ఆ గాలి రెక్కల కొనలచుట్టు పైకెక్కి మరల క్రిందికి వచ్చి వలయాకారపు సుడిగా తిరుగుచుండును. హెలికాప్టరు వణకి, రాయివలె దిగుట మొదలిడును. పడిపోవుచున్నవాడు కలెక్టివును ఎత్తును, అది సహజము. కాని ఎత్తినకొలది సుడి బలపడును. చేయవలసినది, కలెక్టివును కొంచెము దించి, సైక్లిక్‌ను ముందునకు వంచి, క్రొత్త గాలిలోనికి తప్పించుకొని పోవుట. తెలిసికొనుటకు ఒక నిమిషము చాలును. నేల పైకి వచ్చుచున్నట్లు కనబడుచుండగా చేయి దానిని పాటించుటకు పదులకొలది మారులు పడవలసియుండును.

రెండవది ఇంజను ఆగుట. సాలవృక్షపు రెక్కలకాయ గిరగిర తిరుగుచు మెల్లగా నేలకు దిగునట్లు, ఇంజను లేని హెలికాప్టరు కూడ దిగగలదు. క్రిందినుండి వీచు గాలియే రోటరును త్రిప్పును. అయితే ఇంజను ఆగిన ఒకటి రెండు సెకనులలో కలెక్టివును పూర్తిగా దించవలెను. ఆలస్యమైనచో రెక్కల తిరుగుడు పడిపోయి మరల రాదు. ఇక్కడను పడుచున్నవాడు దించవలసియున్నది, ఎత్తుట కాదు.

మూడవది హ్యూయీవంటి రెండురెక్కల రోటరులకు ప్రత్యేకము. కొండను దాటి, ఒక్కసారిగా ముక్కు క్రిందికి వంచినచో, క్షణకాలము హెలికాప్టరు బరువు రోటరునుండి వ్రేలాడదు. తోక రోటరు దానిని కుడికి ఒరిగించును. ఎడమకు కడ్డీ కొట్టినచో హెలికాప్టరు తిరుగదు; రోటరు మాత్రమే వాలి, దాని నడిమి భాగము నిలువు ఇరుసును కొట్టి విరుగగొట్టును. మెల్లగా వెనుకకు లాగి బరువు మరల రోటరుమీదికి తెచ్చిన తరువాతనే ఒరుగును దిద్దవలెను. నిజ హెలికాప్టరుతో దీనిని అభ్యసించి చూచుటకు వీలే లేదు.

యుద్ధమను మాట పేరులో నున్నను, ఆయుధములను గూర్చి క్రొత్తవానికి చెప్పవలసినది కొంచెమే. రాకెట్టు గొట్టములు హెలికాప్టరు ప్రక్కల బిగించియుండును. గురి పెట్టుట యనగా హెలికాప్టరు నంతటిని గురిపెట్టుటయే. ముక్కు ఒకవైపు చూచుచు, ప్రయాణము వేరొకవైపునకు సాగుచున్నచో రాకెట్టు గురి తప్పును. కావున పెడళ్ళు సరిగా త్రొక్కలేనివానికి ఆయుధము లెన్ని యున్నను లాభము లేదు. అపాచీలో చిక్కు వేరు. నడుపువాడు వెనుక, తుపాకి చూచువాడు ముందు కూర్చుందురు. కుడికంటి ముందొక చిన్న అద్దముండి, రాత్రివేళ ముక్కుమీది వేడిని చూచు కెమేరా బొమ్మ అందులో కనబడును. ఎడమకన్ను బయటను, లోపలి సాధనములను చూచుచుండును. రెండు కన్నులు రెండు లోకములను చూచుట అలవడువరకు తలనొప్పి తప్పదు. (ఈ అపాచీల కాయమును హైదరాబాదులోని టాటా-బోయింగ్ కర్మాగారము 2018నుండి అందించుచున్నది.)

చెవిలోని సాక్షి

ఇంత నేర్పు సిమ్యులేటరు ఒక్కదానిని మాత్రము అనుకరింపలేదు: శరీరపు బరువు. లోపలిచెవిలోని ద్రవము, సన్నని రేణువులు మనము ఒరుగుటను, కదలుటను కంటికంటె ముందు కనిపెట్టును. కదలని కుర్చీలో ఆ సాక్ష్యము రాదు. అందుచేతనే తెరమీద నిలకడ నిజమైనదానికన్న ఒక విధముగా కష్టతరము. పెద్ద శిక్షణాలయములలో గదిని ఆరు జలయంత్రపు కాళ్ళమీద నిలిపి కదపుదురు. ముందుకు దూకిన భావము కలిగించుటకు గదిని మెల్లగా వెనుకకు వంచుదురు. చెవి భూమ్యాకర్షణనే వేగవృద్ధియని నమ్మును. బెంగుళూరులో 2010లో ఆరంభమైన 'హాట్సాఫ్' హెలికాప్టరు శిక్షణాలయములో నున్నవి ఇట్టి కదలు గదులే.

కన్ను కదలికను చూచి, చెవి లేదనినపుడు కడుపులో త్రిప్పుట మొదలగును. ఈ వ్యాధిని తొలిసారి గుర్తించినది హెలికాప్టరు సిమ్యులేటరులోనే. 1957లో అమెరికా నౌకాదళమునకై చేసిన పరీక్షలో అది బయటపడినది. మరుసటి సంవత్సరము పరిశీలించినవారికి వింతయైన సంగతి కనబడెను. క్రొత్త విద్యార్థులకన్న, నిజ హెలికాప్టరులలో అనేక గంటలు ఎగిరిన శిక్షకులే ఎక్కువగా బాధపడిరి. ఎట్టి కదలిక రావలెనో వారి చెవికి ముందే తెలియును, అది రాకపోయెను. క్రొత్తవానికి అట్టి ఎదురుచూపు ఇంకను ఏర్పడియుండదు. అయినను తల దిమ్మెక్కుట తోచినంతనే తెర ఆర్పి లేచిపోవుట మంచిది. పూటకు ఇరువది నిమిషముల నిలకడ, మరునాడు మరల ఇరువది నిమిషములు. ఒకనాడు హ్యూయీ చెట్లనడుమ ఎడమ కాలు వ్రేలాడవేసికొని నిలిచిపోవును. ఆ తరువాత మి-24 ఎక్కి చూచినవానికి మాత్రము, దాని రోటరు ఎదురుదిక్కున తిరుగును గనుక, కాళ్ళు మరల మొదటినుండి నేర్చుకొనవలసియుండును.